ఎడారిలో వాననాడు

కారెక్కి ఎడారిని చూడబోయిన యాత్రికులకు ఆనాడే వాన ఎదురైతే, ప్రయాణం వృథా అయిందని నొచ్చుకోవడం సహజం. బసకు చెల్లించిన సొమ్ము, ఖర్చయిన పెట్రోలు, కరిగిపోతున్న సెలవు గుర్తుకు వస్తాయి. కాని ఆ విచారం అకారణం. ఎడారి స్వభావం పూర్తిగా తెలిసేది వాననాడే. అయితే ఆనాడు అక్కడ తిరిగేవారి బాధ్యత కూడా తక్కిన రోజులకంటె ఎంతో ఎక్కువ.

అమెరికాలోని డెత్ వ్యాలీ జాతీయోద్యానం ఇందుకు తగిన ఉదాహరణ. 1913 జులై 10న ఇక్కడ నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత ప్రపంచ రికార్డుగా గుర్తింపు పొందింది. పసిఫిక్ మహాసముద్రం నుండి వచ్చే మేఘాలు సియెర్రా నెవాడా మొదలైన పర్వతపంక్తుల మీదనే కురిసి, ఈ లోయను చేరేసరికి వట్టిపోతాయి. ఏడాది సగటు వర్షపాతం సుమారు 50 మిల్లీమీటర్లు. కరవుసీమగా పేరుపడిన అనంతపురంలో అంతకు పదింతలు కురుస్తుంది!

కొద్దిపాటి వానే కదా అని ఉపేక్షించరాదు. చెట్టుచేమలు లేని కొండవాలులు, గట్టిపడిన నేల నీటిని ఇంకనీయవు. కురిసినది కురిసినట్లే వాగులై రోడ్ల మీదికి దూకుతుంది. 2022 ఆగస్టు 5న కురిసిన 37 మిల్లీమీటర్ల వానకే సుమారు వేయిమంది చిక్కుబడిపోయారు. పదుల సంఖ్యలో కార్లు రాళ్లలో, మట్టిలో కూరుకుపోయాయి. 2023 ఆగస్టు 20న హిలరీ తుఫాను ప్రభావంతో ఏడాదిలో పడవలసిన వానంతా ఒక్కనాడే పడింది. ఉద్యానాన్ని దాదాపు రెండు నెలలు మూసివేయవలసివచ్చింది. పొర్లే వాగును కారు దాటగలదని పందెం కాయడం సాహసం అనిపించుకోదు.

ఆ తుఫానుతోనే, సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉన్న బ్యాడ్‌వాటర్ ఉప్పుమైదానంలో ఒక సరస్సు వెలసింది. 2024 ఫిబ్రవరి వానలకు అది మరింత నిండగా, కొన్నాళ్లు చిన్న పడవలకు అనుమతి కూడా లభించింది. ఆ వింతను చూడబోయినవారిలో కొందరు తమ పడవలను తడినేల మీద ఈడ్చుకుపోయారు. ఊరి చెరువుగట్టు మీద పడిన అడుగు మరుసటి వానకు చెరిగిపోతుంది. ఇక్కడ ఆ మరుసటి వాన ఎన్నడు వచ్చేనో! మెత్తని బురదలో పడిన గుర్తు ఎండి, గట్టిపడి, ఏళ్లతరబడి నిలిచిపోతుంది.

ఇదే ఉద్యానంలోని రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సులో పెద్దపెద్ద రాళ్లు తమంతట తామే కదలినట్లు చారలు కనిపిస్తాయి. వాననీరు నిలిచి, శీతాకాలపు రాత్రులలో పలుచని మంచుపలకలుగా గడ్డకట్టి, పగటి గాలికి ఆ పలకలు రాళ్లను నెట్టుతాయని 2013లో పరిశోధకులు ప్రత్యక్షంగా చూసి నిర్ధారించారు. అట్టి నేల మీద, తడిగా ఉన్నప్పుడు, వేడుకకోసం కారు నడిపిన ప్రబుద్ధులు లేకపోలేదు. వారి చక్రాల జాడలు రాళ్ల చారల పక్కనే కనిపించడం కంటె వెగటు మరొకటి ఉండదు.

కావున వాననాడు యాత్రికుడు పట్టికలోని ప్రదేశాలన్నీ చూసితీరాలన్న పంతం మానుకోవాలి. బయలుదేరేముందు ఏ రోడ్లు మూసి ఉన్నవో విచారించుకోవాలి. తారురోడ్డు తెరచి ఉంటే డాంటెస్ వ్యూ శిఖరం ఎక్కి నిలబడవచ్చు. సుమారు 1,670 మీటర్ల ఎత్తునుండి చూస్తే, కింద ఉప్పునేల మీద మేఘాల నీడలు సాగిపోతుంటాయి. ఎదుటి కొండల మీద వాన తెరలుతెరలుగా దిగుతుంటుంది.