దిక్కు



ఈ నెల మన మాట చిన్నది: దిక్కు. దీని అర్థం ఒకటి మీకు తెలిసే ఉంటుంది. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం: ఇవి నాలుగు దిక్కులు. దీనికి ఇంకో అర్థం కూడా ఉంది. అది తెలియక నేను చిన్నప్పుడు పెద్ద పొరపాటు పడ్డాను. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు మిమ్మల్ని ఒక చోటికి తీసుకువెళ్ళాలి.

పోయిన ఏడాది నవంబరులో మందిరం తరగతి పిల్లలతో పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్‌కు వెళ్ళాను. మన పెద్దలు ఓడ దిగి ఎక్కిన రాతి మెట్ల దగ్గర నిలబడ్డాం. పదకొండేళ్ళ అమ్మాయి ఒకతె నన్ను అడిగింది: "టీచర్, మన తాతలు శరణార్థులా?"

నేను వెంటనే, "కాదమ్మా, వాళ్ళు ఒప్పందం మీద పనికి వచ్చినవాళ్ళు" అన్నాను. ఎన్నో ఏళ్ళుగా నేను చెబుతున్న జవాబు అదే. అమ్మాయి తల ఊపింది. మేం ముందుకు నడిచాం.

ఈ జూలై సెలవుల్లో బెర్లిన్ వెళ్ళాను. మా అబ్బాయి అక్కడ చదువుకుంటున్నాడు. ఒక రోజు వాడికి పరీక్ష ఉంది. నేను ఒక్కదాన్నే లోకల్ ట్రైన్ ఎక్కి నగరానికి దక్షిణాన ఉన్న మారియన్‌ఫెల్డె అనే చోట దిగాను. స్టేషన్ నుంచి కొంచెం దూరం నడిస్తే వరసగా మూడంతస్తుల ఇళ్ళు కనిపిస్తాయి. చూస్తే మామూలు ఇళ్ళే. గోడల మీద గొప్ప అలంకారం ఏమీ లేదు. ఒకప్పుడు ఇది శరణార్థుల శిబిరం. ఇప్పుడు ఇందులో ఒక భాగం మ్యూజియం. లోపలికి వెళ్ళడానికి టికెట్ అక్కరలేదు.

కథ ఇలా మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత, 1949లో జర్మనీ రెండు దేశాలైంది. తూర్పు జర్మనీలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. అక్కడ ఉండలేక చాలామంది పడమటి వైపు వెళ్ళిపోయారు. 1952లో తూర్పు ప్రభుత్వం సరిహద్దు మూసేసింది. కానీ బెర్లిన్ నగరంలో మాత్రం దారి ఇంకా తెరిచి ఉంది. నగరంలో తిరిగే ట్రైన్ టికెట్ కొనుక్కుంటే చాలు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళిపోవచ్చు.

ఒక్క చిక్కు ఉంది. పెద్ద పెట్టె పట్టుకుంటే పోలీసులకు అనుమానం వస్తుంది. అందుకని చిన్న సంచో, చిన్న సూట్‌కేసో తీసుకుని, చుట్టాలింటికి వెళుతున్నట్టు బయలుదేరేవారు. ఆ సూట్‌కేసులు మ్యూజియంలో ఉన్నాయి. చూస్తూ నన్ను నేను అడిగాను: ఇల్లంతా వదిలి వెళ్ళేటప్పుడు ఇంత చిన్న పెట్టెలో నేనైతే ఏం పెట్టుకుంటాను? మీరైతే ఏం పెట్టుకుంటారు?

ఈ శిబిరాన్ని 1953 ఏప్రిల్ 14న పశ్చిమ జర్మనీ అధ్యక్షుడు థియోడోర్ హాయిస్ ప్రారంభించారు. ఆ ఒక్క ఏడాదే 3 లక్షలకు పైగా మనుషులు తూర్పు జర్మనీ వదిలి వచ్చారు. 1961 ఆగస్టు 13న తూర్పు ప్రభుత్వం బెర్లిన్ మధ్యలో గోడ కట్టడం మొదలుపెట్టింది. ఆ తరువాత రావడం చాలా కష్టమైంది. అయినా 1990 వరకు మొత్తం సుమారు 13 లక్షల 50 వేల మంది ఈ శిబిరం గుండా వెళ్ళారు.

వచ్చిన ప్రతి మనిషికీ ఒక చీటీ ఇచ్చేవారు. ఆ చీటీ పట్టుకుని గది తరువాత గదికి తిరగాలి. ప్రతి గదిలో ఒక ముద్ర వేస్తారు. డాక్టరు చూస్తాడు. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ అధికారులు వేరువేరుగా ప్రశ్నలు వేస్తారు. పోలీసులు పేరు రాసుకుంటారు. చివరికి ఒక కమిటీ ముందు కూర్చోవాలి. అన్ని ముద్రలూ పడితే విమానంలో పశ్చిమ జర్మనీకి పంపేవారు. ఎందుకు విమానం? బెర్లిన్ చుట్టూ ఉన్న నేలంతా తూర్పు జర్మనీదే. రోడ్డు మీద వెళితే మళ్ళీ వాళ్ళ చేతికే చిక్కుతారు.

ఒక గదిని అప్పట్లో ఉన్నట్టే ఉంచారు. ఒకదాని మీద ఒకటి మంచాలు, ఒక బల్ల, కుర్చీలు. నేను గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

కమిటీ అడిగే ముఖ్యమైన ప్రశ్న ఒకటే: "ఎందుకు వచ్చారు?" 1950 నాటి చట్టం ప్రకారం, ప్రాణానికో స్వేచ్ఛకో ప్రమాదం ఉందని, లేదా అలాంటి బలమైన కారణం వేరే ఉందని చూపించాలి. "ఇక్కడ బతుకు బాగుంటుందని వచ్చాను" అంటే సరిపోదు. మొదటి ఏళ్ళలో చాలామందికి "కాదు" అనే జవాబు వచ్చింది. వాళ్ళలో ఎక్కువమందిని వెనక్కి పంపలేదు. కానీ సరైన కాగితాలు లేకుండా, పని దొరకక, బెర్లిన్‌లోనే కష్టపడి బతికారు.

అది చదివినప్పుడు నాకు ఘాట్ దగ్గరి అమ్మాయి గుర్తొచ్చింది. ఆ పిల్లకు నేనూ కమిటీలాగే జవాబు చెప్పాను. ముద్ర వేసి పంపించేశాను.

మన ఘాట్ సంగతి మీకు తెలుసు. 1834 నుంచి 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది మారిషస్‌కు వచ్చారు. మన తెలుగువాళ్ళలో చాలామంది గోదావరి దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కారు. అందుకే ఇక్కడ మనకు కోరంగి అనే పేరు వచ్చింది. గుమాస్తా ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవాడు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు రాసుకునేవాడు. మా నాన్నగారి ముత్తాత కాగితం మా ఇంట్లో ఉంది. అందులో ఆయన ఎత్తు ఉంది. "ఎందుకు వచ్చావు" అనే గడి లేదు. తోటవాళ్ళకు ఆ జవాబుతో పని లేదు. వాళ్ళకు చేతులు కావాలి.

నేను రెండూ ఒకటే అనడం లేదు. మారియన్‌ఫెల్డెకు వచ్చినవాళ్ళు వెనక్కి వెళితే జైలు పాలు కావచ్చు. కానీ ఆ దేశం వాళ్ళను తన మనుషులుగా చేర్చుకోవాలనుకుంది. మనవాళ్ళు వేలిముద్ర వేసి వచ్చారు. ఒప్పందం తీరేదాకా తోట వదిలి వెళ్ళలేకపోయారు. ఈ తేడాలు పిల్లలకు చెప్పాలి. కానీ 1832–33లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి దాన్ని నందన కరువు అంటారు. అలాంటి రోజుల్లో తిండి లేక ఊరు విడిచిన మనిషి, తరువాత ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే, ఆ మనిషి "పనికి వచ్చినవాడు" మాత్రమే అవుతాడా?

తెలుగులో శరణార్థికి ఇంకో మాట ఉంది: కాందిశీకుడు. ఇది సంస్కృతం నుంచి వచ్చింది. "కాం దిశమ్" అంటే "ఏ దిక్కుకు?" ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తే మనిషి కాందిశీకుడు. ఈ మాటలో కమిటీ లేదు, ముద్ర లేదు. మనిషి అడిగే ప్రశ్న మాత్రం ఉంది.

ఇప్పుడు నా చిన్ననాటి పొరపాటు చెబుతాను. ముత్తాత ఎందుకు వచ్చాడని మా నాయనమ్మను ఒకసారి అడిగాను. ఆవిడ, "ఊళ్ళో దిక్కు లేక ఓడెక్కాడు" అంది. నాకు అప్పుడు మందిరంలో నేర్చుకున్న నాలుగు దిక్కులే తెలుసు. పాపం ముత్తాత సముద్రంలో దారి తప్పి మారిషస్ వచ్చాడనుకున్నాను! బడిలో అందరికీ అలాగే చెప్పాను కూడా.

దిక్కు అంటే ఆదుకునేవాళ్ళు అని కూడా అర్థం. "నాకు నువ్వే దిక్కు" అంటే నన్ను చూసుకోవడానికి నువ్వే ఉన్నావు అని. నాయనమ్మ నాకు కాగితంలో లేని జవాబు చెప్పింది. నేను దాన్ని అర్థం చేసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి ఆవిడ లేదు. ఇంకో ప్రశ్న అడగడానికి వీలు లేదు.

మ్యూజియం నుంచి బయటికి వచ్చాను. పక్క ఇళ్ళ ముందు పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. బట్టలు ఆరేసి ఉన్నాయి. 2010 నుంచి ఆ ఇళ్ళలో మళ్ళీ శరణార్థులే ఉంటున్నారు. వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళనూ ఎవరో ఒక గదిలో కూర్చోబెట్టి అదే ప్రశ్న అడిగి ఉంటారు.

తిరిగి వచ్చాక ఆ అమ్మాయితో, "నీ ప్రశ్నకు నేను తొందరపడి జవాబు చెప్పాను" అన్నాను. కాందిశీకుడు అనే మాట బోర్డు మీద రాశాను. ఆ పిల్ల చదివి, "మరి మన తాతకు ఇక్కడ దిక్కు దొరికిందా, టీచర్?" అంది. ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు. "ఇంట్లో అడిగి రా, వచ్చే ఆదివారం మాట్లాడుకుందాం" అన్నాను.

మీరూ అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. "మన వాళ్ళు ఎందుకు వచ్చారు?" అని తెలుగులో అడిగి, వాళ్ళు చెప్పిన మాట వాళ్ళు చెప్పినట్టే రాసుకోండి. అర్థం కాకపోయినా రాసుకోండి. రెండు మూడు వాక్యాలు చాలు. మన పత్రికకు పంపితే ఇక్కడ వేద్దాం.

ఈ నెల మాటలు

దిక్కు: 1. వైపు. "సూర్యుడు తూర్పు దిక్కున ఉదయిస్తాడు." 2. ఆదుకునేవాళ్ళు. "మాకు దేవుడే దిక్కు."

శరణార్థి: శరణు అంటే రక్షణ, అర్థి అంటే అడిగేవాడు. రక్షణ అడుగుతూ వచ్చిన మనిషి.

కాందిశీకుడు: ఏ దిక్కుకు పోవాలో తెలియక ఊరు విడిచిన మనిషి. చాలామంది అయితే కాందిశీకులు.

ఒప్పందం: ఇద్దరు ఒప్పుకుని చేసుకున్న ఏర్పాటు. "ఒప్పుకోవడం" అనే మాటతో కలిపి గుర్తుపెట్టుకోండి.

చీటీ: చిన్న కాగితం. "డాక్టరు మందుల చీటీ రాశాడు."