బడి ముచ్చట్లు – 4: ముఖ్యాంశం ఎవరు చెప్పాలి?

మా వాడ పిల్లలకు సాయంత్రాలు చదువు చెబుతాను. బాబాసాహెబ్ చిన్ననాటి కథ చదివించి ముఖ్యాంశం అడిగితే, వెంటనే జవాబొస్తుంది: "కష్టపడి చదివితే గొప్పవాళ్లమవుతాం." ఇది బడిలో బట్టీ పట్టించిన జవాబు.

కథలో ఏముంది? సతారా బడిలో ఆ పిల్లాడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద ఓ మూల విడిగా కూర్చోవాలి. కుళాయి ముట్టకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు. ప్యూను లేకపోతే ఆ రోజు దాహమే.

అందుకే పిల్లలకు ఒక పని చెప్పాను. ఒక్కో వాక్యాన్నీ అరచేత్తో మూసి మిగతాది చదవండి. ఏది మూస్తే కథ అర్థంకాదో అదే ముఖ్యం. "బాగా చదివాడు" మూసినా కథ నిలబడింది. కుళాయి వాక్యం మూస్తే, 1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందితో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు ఎందుకు తాగాడో ఎవరూ చెప్పలేకపోయారు.

కులాన్ని దాచి కష్టాన్నే ముఖ్యాంశం చేస్తే, వెనకబడిన ప్రతి పిల్లాడూ సోమరి అయిపోతాడు. నీళ్లు ఆపినవాళ్లు మాత్రం పాఠంలోంచి తప్పించుకుంటారు.

టీచర్లారా, ముఖ్యాంశం బోర్డు మీద రాసిపెట్టకండి. పిల్లల్ని వెతకనివ్వండి. దొరికింది మీకు ఇబ్బందిగా ఉన్నా సరే, దిద్దకండి.

జై భీమ్.