లడ్డూల పళ్ళెం, పదకొండో విధి

ఈ మధ్య ఒక రోగం బాగా ముదిరింది. నలుగురు చదువుకున్నవాళ్ళు ఒకచోట చేరితే చాలు, "ఈ దేశంలో అందరికీ హక్కులే కావాలండీ, బాధ్యతలు మాత్రం ఎవడికీ అక్కర్లేదు" అని ఒకాయన మొదలెడతాడు. మిగతా ముగ్గురూ తలలూపుతారు. ఇంతకీ ఆ "అందరూ" ఎవరయ్యా అంటే... అక్కడ లేనివాళ్ళు. ఆటోవాడు, రైతు, ధర్నా చేసే అంగన్‌వాడీ టీచరు, రిజర్వేషన్‌లో సీటొచ్చిన కుర్రాడు. తలలూపే ఈ నలుగురు మాత్రం కాదు సుమండీ!

సరే, అసలు విషయానికొస్తాను. మొన్న జనవరి 26న మా అపార్ట్‌మెంట్‌లో జెండా ఎగరేశాం. అసోసియేషన్ పెద్దాయన ఒకరు మైకు పట్టుకుని పౌరుల విధుల గురించి పావుగంట దంచారు. నేనూ చప్పట్లు కొట్టాను. తరవాత లడ్డూల పళ్ళెం వచ్చింది. అది పట్టుకు తిరుగుతున్న పిల్లకి పదకొండేళ్ళుంటాయేమో. మా పై అంతస్తులో ఒకరింట్లో ఉంటుంది. అంట్లు తోముతుంది, వాళ్ళ రెండేళ్ళ బాబుని ఆడిస్తుంది. బడికెళ్ళదు. ఏడాదిగా లిఫ్టులో చూస్తూనే ఉన్నా. "బాగున్నావా" అని ఓ మాట అనేసి ఫోన్లోకి తల దూర్చేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం లడ్డూ గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి రాజ్యాంగం తీశాను. సిగ్గు విడిచి చెప్తున్నా, పదో తరగతి తరవాత మళ్ళీ దాని మొహం చూడ్డం అదే. ఎంపీసీలో చేరిన రోజే సోషల్‌కి దండం పెట్టేశాం కదా! పదిలో కూడా విధుల లిస్టు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నదే గానీ, అందులో ఒక్కటైనా నా గురించి అని ఎవరూ చెప్పలేదు.

ఆ లిస్టు ఎప్పుడొచ్చిందో కూడా చెప్పలేదు. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగంలో ప్రాథమిక విధులు లేవు. 1976లో ఎమర్జెన్సీ నడుస్తుండగా, స్వరణ్ సింగ్ కమిటీ సిఫార్సుల తరవాత, 42వ సవరణతో 51ఎ అధికరణంగా వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం అన్యాయంగా జైల్లో పెట్టినా కోర్టుకొచ్చి అడిగే దారి లేదని తీర్పిచ్చింది. అంటే హక్కుల్ని అటకెక్కించిన ఏడాదే విధుల్ని కిందకి దించారన్నమాట. అందుకే "ముందు బాధ్యత, తరవాతే హక్కు" అనేవాళ్ళని చూస్తే నాకు కొంచెం భయం.

అలాగని విధులన్నీ ఎమర్జెన్సీ చెత్త అని పారెయ్యలేం. 42వ సవరణలో చాలా భాగాన్ని తరవాత జనతా ప్రభుత్వం తిరగ్గొట్టింది గానీ, 51ఎ జోలికి పోలేదు. 2002లో 86వ సవరణ పదకొండో విధిని చేర్చింది: 6 నుంచి 14 ఏళ్ళ బిడ్డకి చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల విధి. అదే సవరణ 21ఎ అధికరణంతో ఆ వయసు పిల్లలకి ఉచిత నిర్బంధ విద్యని ప్రాథమిక హక్కు చేసింది. గమనించారా? ఒకే సవరణలో ఇటు హక్కు, అటు విధి.

ఉపన్యాసాలిచ్చేవాళ్ళు మర్చిపోయేది ఇక్కడే. విధి అంటే హక్కు కోసం కట్టే ఫీజు కాదు. నా విధికి అవతలి కొసన ఎవరిదో ఒక హక్కు ఉంటుంది. విధి చేసినవాళ్ళకే హక్కు అని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఆ పిల్ల ఏ విధి నిర్వర్తించి బడికెళ్ళే హక్కు సంపాదించుకోవాలి? లడ్డూలు పంచా?

ఇక మన ఐటీవాళ్ళ సంగతి చూద్దాం. స్త్రీల గౌరవాన్ని తగ్గించే ఆచారాలని వదిలెయ్యడం ఒక విధి. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఇప్పటికీ ప్యాకేజీని బట్టి ఒక రేటు, హెచ్‌వన్‌బీ ఉంటే ఇంకో రేటు. చెరువుల్నీ నదుల్నీ కాపాడ్డం ఇంకో విధి. లేక్ వ్యూ అని ఎక్కువ పోసి ఫ్లాటు కొంటాం, మన మురుగు ఏ చెరువులో కలుస్తోందో అడగం. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడు మాత్రం వ్యవస్థని తిట్టాం. శాస్త్రీయ దృక్పథం మరో విధి. పగలంతా కోడ్‌లో బగ్గులు పట్టే మనిషి, రాత్రికి ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన ప్రతి చిట్కా వైద్యాన్నీ టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి తోసేస్తాడు.

"టాక్సు కట్టేది మేమేనండీ" అంటారా? పన్ను కట్టడాన్ని కూడా విధుల్లో చేర్చమని స్వరణ్ సింగ్ కమిటీ చెప్పింది, పార్లమెంటు చేర్చలేదు. అయినా పన్ను మీరొక్కరే కడుతున్నారా? మీ వాచ్‌మన్ కొనే పేస్టు మీద జీఎస్‌టీ లేదా? ఫిబ్రవరి వచ్చేసరికి హెచ్‌ఆర్‌ఏ కోసం దొంగ అద్దె రసీదులు రాసుకునేది వాచ్‌మన్ కాదే!

పిల్లలకి విధులు నేర్పాలా అంటే, నూటికి నూరుపాళ్ళు నేర్పాలి. కానీ పక్కనే హక్కు పెట్టి నేర్పాలి. ప్రతి విధి దగ్గరా "ఇది చెయ్యకపోతే ఎవరి హక్కు పోతుంది?" అని అడగాలి. విధి పేరు చెప్పి హక్కుని తొక్కకూడదనీ నేర్పాలి. జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడ్డా, మతవిశ్వాసం వల్ల పాడలేదని కేరళలో ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేస్తే, వాళ్ళని మళ్ళీ చేర్చుకోమని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ కేసు ఒక్కటి చదివితే నా బట్టీ మార్కులన్నిటికన్నా ఎక్కువ పౌరశాస్త్రం వస్తుంది. ఆ పాఠం పిల్లలకన్నా ముందు మనకి చెప్పాలి. పిల్లలు మన ఉపన్యాసం వినరు, మన ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారో చూస్తారు.

ఇంతకీ నేనేం చేశానంటారా? అసోసియేషన్ గ్రూపులో అడిగాను. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోకూడదని రాశాను. "అది వాళ్ళ పర్సనల్" అని ఒకరు, "ఊళ్ళో పస్తులుండేది, ఇక్కడ కడుపునిండా తింటోంది కదా" అని ఇంకొకరు. మైకు పెద్దాయన ఉలకలేదు, పలకలేదు. రెండ్రోజులాగి 1098కి ఫోన్ చేశాను. ఎవరో వచ్చి అడిగితే, మా బంధువులమ్మాయే అన్నారట ఆ ఇంటివాళ్ళు. వారం తిరక్కుండా పిల్లని ఊరికి పంపించేశారు.

ఆ పిల్ల ఇప్పుడు బడిలో ఉందో, ఇంకో ఇంట్లో ఇంకో బాబుని ఎత్తుకుని ఉందో నాకు తెలీదు. మొదటిసారి లిఫ్టులో చూసిన రోజే, పంపేసే భయం వాళ్ళకి లేనప్పుడే, ఏ ఊరు తల్లీ, ఏం చదివావు అని అడిగుంటే దారి దొరికేదేమో. ఏడాదిపాటు నోరు మూసుకున్నాను. కనీసం పేరైనా అడగలేదు.

కాబట్టి వచ్చే ఆగస్టు 15న మైకు పట్టుకునే పెద్దలకి ఒకటే మనవి. విధుల గురించి తప్పకుండా చెప్పండి. కాకపోతే చెప్పే ముందు ఒక్కసారి, లడ్డూలు పంచుతున్నది ఎవరో చూడండి.