గొంగళిపురుగు దురద – మన యుపేక్ష

వానకాలమున మునగ మ్రాకులపై గొంగళిపురుగులు గుంపులుగా నంటుకొనియుండుట రైతు లెల్లరు నెఱిగినదే. అవి పగలు మ్రానిపై నడగియుండి, రాత్రి ఆకులను తినివేయును. చెట్టునకు కలుగు నష్టమునకై మనము విచారింతుము గాని, ఆ పురుగులను రాల్చు కూలివాని మేనికి కలుగు బాధను "దురదయే గదా" యని త్రోసివేయుచున్నాము. ఇది తగదని నా యభిప్రాయము.

ఈ బాధకు మూలము పురుగు కాటు కాదు. దాని సన్నని వెండ్రుకలు సూదులవలె చర్మమున గ్రుచ్చుకొని విఱుగును. కొన్ని జాతులలో వానియందు విషము నుండును. అందువలన మంటయు, దద్దురులును పుట్టును. పురుగు చచ్చినను వెండ్రుక గుణము పోదు. విడిచిన కుబుసమునందును, గూటియందును నిలిచి బాధించును. ఆముదపు చేలలోని యొక జాతిలో తల్లిపురుగు తన తోకవెండ్రుకలతో గ్రుడ్లను కప్పును. అట్టి గ్రుడ్లను ఒట్టిచేతితో ముట్టరాదు. పగటివేళ పూలపై వ్రాలు సీతాకోకచిలుకలకు మాత్రము వెఱవ నక్కఱలేదు.

పురుగు సోకినచోట గోకుటయు, బట్టతో రుద్దుటయు విఱిగిన ముల్లును లోనికి దిగగొట్టుటయే యగును. అంటుపట్టీని అద్ది పైకి లాగినచో వెండ్రుకలు చాలవఱకు దానితో వచ్చును. పిమ్మట సబ్బునీటితో కడిగి, చల్లని తడిబట్ట వేయవలెను. కట్టుబట్టలు మార్చి ఉతుకవలెను. కంటిలో పడినచో నలుపరాదు. వెండ్రుక లోనికి చొచ్చి చూపునకే ముప్పు తేవచ్చును గనుక, నీటితో కడిగి ఆ దినముననే కంటివైద్యునికి చూపవలెను. ముఖము వాచినను, ఊపిరి యాడకున్నను ఆసుపత్రికి పోవుటలో క్షణమైనను జాగు సేయరాదు.

కాగడాతో కాల్చుట మన పాత అలవాటు. కాలినవి కాలగా, తక్కిన వెండ్రుకలు గాలికెగిరి క్రింద నున్నవాని మొగముపై బడును. మొదట సబ్బునీరు చల్లి తడిపి, పొడవైన కఱ్ఱకు గోనెపట్ట చుట్టి, సబ్బునీటి తొట్టెలోనికి రాల్చుట మేలు. రాల్చువానికి నిండుచేతుల చొక్కాయు, చేతితొడుగులును, కంటియద్దములును ఉండవలెను.

ఇవి కొనుట ఒక్కొక్క రైతునకు భారమందురేమో! సంఘము రెండుమూడు జతలు కొని యుంచి, సభ్యులకు స్వల్పపు బాడుగకిచ్చిన భార మెవ్వరికిని తోచదు. ఆ బాడుగ చెట్టుగలవాడే యీయవలెను గాని కూలివానిపై వేయరాదు. పైరును కాపాడుటకు సంఘము పెట్టుకొన్న మనము, ఆ పైరును కాపాడు చేతులను మఱచుట న్యాయమా? రాబోవు సభలో సభ్యు లీ విషయమును నిర్ణయింతురుగాక.