చవక మందుకే ఎందుకీ కరువు?

సిస్‌ప్లాటిన్ కొత్త మందేం కాదు. అమెరికాలో 1978లోనే అనుమతి వచ్చింది. పేటెంట్ గడువు ఎప్పుడో తీరింది, ధర కూడా తక్కువే. అయినా 2023లో అక్కడి పేరున్న దవాఖానాల్లోనే ఈ కీమో ఇంజెక్షన్‌కు కటకట వచ్చింది. ఆ మే నెలలో ఎన్‌సీసీఎన్ అనే కేన్సర్ ఆస్పత్రుల కూటమి 27 పెద్ద కేంద్రాలను అడిగితే, 70 శాతం సిస్‌ప్లాటిన్, 93 శాతం దాని తోబుట్టువు లాంటి కార్బోప్లాటిన్ సరిపడా లేవన్నాయి.

కొరత మొదలైంది మాత్రం మన దేశంలోనే. అమెరికా వాడే సిస్‌ప్లాటిన్‌లో దాదాపు సగం గుజరాత్‌లోని ఇంటాస్ కంపెనీ ప్లాంట్ నుంచే వెళ్లేది. 2022 చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీకి వస్తే, చించేసిన రికార్డులు సంచుల కొద్దీ దొరికాయి. ఉత్పత్తి ఆగింది. సగం సరుకు ఒక్కచోటి నుంచే వస్తుంటే, ఆ ఒక్క గేటు మూస్తే ఏమవుతుంది?

దెబ్బ పడింది మరీజుల మీద. వృషణాల కేన్సర్ ఎక్కువగా కుర్రాళ్లకే వస్తుంది. ఒంట్లో పాకిన తర్వాత కూడా సిస్‌ప్లాటిన్‌తో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. అలాంటి చోట వేరే మందు ఇస్తే ఫలితం అంత బాగుండదు. అందుకే నయమయ్యే అవకాశం ఉన్నవాళ్లకు ముందు ఇవ్వాలని వైద్య సంఘాలు సూచించాయి. మిగతావాళ్లకు కుదిరితే రెండు కీమోల మధ్య గడువు పెంచమన్నాయి, వయల్ వృథా కాకుండా డోసు కాస్త తగ్గించి సరిచేయమన్నాయి. మందు రాసే డాక్టరే ఎవరికి ఆపాలో కూడా తేల్చాల్సి వచ్చిందన్నమాట. ఆ మాట ఎదురుగా కూర్చున్న మనిషికి ఎలా చెప్తారు?

చివరికి చైనా కంపెనీ సిస్‌ప్లాటిన్‌ను ఎఫ్‌డీఏ తాత్కాలికంగా రానిచ్చింది.

తప్పు ఒక్క ప్లాంట్‌దే అనుకుంటే లెక్క సగమే చూసినట్టు. పేటెంట్ పోయిన ఇంజెక్షన్‌ను ఎవరు తక్కువకు ఇస్తే వాళ్ల దగ్గరే కొంటారు. రేటు పడేకొద్దీ లాభం లేక కంపెనీలు తప్పుకుంటాయి. మిగిలినవాళ్లకు ప్లాంట్ బాగుచేసుకునేంత మార్జిన్ ఉండదు, బాగుచేసినా ఎక్కువ రేటు ఎవరూ ఇవ్వరు. ఎఫ్‌డీఏ 2019లోనే తన నివేదికలో దాదాపు ఇదే రాసింది.

ఇది అమెరికాలో ఉన్న మన బంధువుల గొడవ మాత్రమే కాదు. నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వార కేన్సర్లకు రేడియేషన్‌తో పాటు ఇక్కడ ఇచ్చేదీ సిస్‌ప్లాటినే. అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది, ధరకు ప్రభుత్వ పరిమితి ఉంది. పేదవాడికి అందుతున్నది దానివల్లే, అది తీసేయమని ఎవరూ అనరు. కానీ సర్కారీ టెండర్ కూడా ముందు చూసేది తక్కువ రేటునే. ఆర్డర్‌ను ఇద్దరు ముగ్గురు సరఫరాదారులకు పంచి, క్వాలిటీ రికార్డుకూ మార్కులేస్తే ఖర్చు కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెం మిగుల్చుకుంటే, స్టాక్ అయిపోయిన రోజు 'బయట తెచ్చుకోండి' అన్న చీటీ పట్టుకుని, కూలి పోగొట్టుకుని మెడికల్ షాపుల చుట్టూ తిరిగేది మరీజు ఇంటివాళ్లే.