చాటుమాటకు సంతకమేదీ?

బెజవాడలోని ఒక ప్రైవేటు కళాశాలలో ఆరేళ్లు పాఠాలు చెప్పి రాజీనామా చేశాను. గుడివాడలో కొత్త కొలువు కుదిరింది. మర్నాడే పాత యాజమాన్యం అక్కడికి ఫోను చేసి, నేను నిలకడలేని మనిషినని చెప్పిందట. కొలువు పోయింది. ఒకేచోట ఆరేళ్లున్నవాడికి నిలకడ లేదట!

నిజం చెప్పే హక్కు యజమానికి లేదనను. 1860 నాటి శిక్షాస్మృతి 499వ సెక్షను గానీ, 2024లో దాని స్థానంలో అమలుకొచ్చిన న్యాయసంహిత 356వ సెక్షను గానీ కాపాడేది సద్భావంతో అన్న మాటను, కక్షను కాదు. ఉద్యోగి గురించి యోగ్యతాపత్రం రాసేటప్పుడు జాగ్రత్త వహించడం యజమాని విధి అని బ్రిటన్ ప్రభువుల సభ 1994లోనే తీర్పు చెప్పింది.

మనవాళ్లు కాగితం మీద శుభాకాంక్షలు రాసి, ఫోనులో గొంతు కోస్తారు. నేనడిగేది ఒక్కటే: చెప్పదలచుకున్నది రాసి, సంతకం చేసి, ఒక ప్రతి నాకూ ఇవ్వండి. బదులు చెప్పుకునే వీల్లేని ఆరోపణ అభిప్రాయం కాదు, చాడీ. మిత్రులారా, కాదంటారా?