మా చెరువు పక్షికి సైబీరియా అడ్రసెందుకు?

మొన్న సూళ్లూరుపేటలో బస్సు దిగి నేలపట్టు పక్షుల చెరువుకు దారి అడిగితే, ఒకాయన దారితోపాటు విజ్ఞానం కూడా ఉచితంగా పంచాడు. "సైబీరియా నుంచి వచ్చిండాయి సామీ. ఈడ గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపుకోని మళ్లీ ఆడికే పోతాయి." ఆయన్ని ఏమనగలం? ఏటా సంక్రాంతి ముందు పేపర్లు రాసేది ఇదే, ఫ్లెమింగో పండగలో మైకు దొరికిన ప్రతివాడూ చెప్పేదీ ఇదే. విదేశీ అతిథులట, పురిటికి వచ్చాయట! ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు, మిగిలినవాళ్లు తేదీ మార్చి వేసుకుంటున్నారు. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిసినప్పటి నుంచి ఈ పైత్యం మా నెత్తికీ ఎక్కింది.

నేలపట్టు చెరువులో గూడు కట్టేవేవి? గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, కంకణం, నీటికాకి, చింతవక్క. అన్నీ ఈ దేశంలో గుడ్డు పగలగొట్టుకుని బయటపడ్డవే. ఎక్కువగా సైబీరియా పాలయ్యేది ఎర్రకాళ్ల కొంగ. పసుపుపచ్చని పొడుగు ముక్కు, ఈకల్లేని నారింజ మొహం, రొమ్మున నల్ల పట్టీ, తోక దగ్గర గులాబి రంగు ఈకలు. అసలు సైబీరియా కొంగ తెల్లగా ఉంటుంది, మొహం ఎర్రన, రెక్కల కొసలు నల్లన. అది చెట్టెక్కదు. దాని వెనక వేలు పొట్టిగా, పైకి జరిగి ఉంటుంది కాబట్టి కొమ్మను పట్టుకోలేదు, బురద నేలలోనే గూడు పెడుతుంది. గొంతెత్తితే దూరానికి వినిపిస్తుంది. మన ఎర్రకాళ్లదానికి చెప్పుకోదగ్గ గొంతే లేదు, ముక్కు రెండు బద్దలూ టకటకా కొట్టుకోవడమే. చెట్టు నిండా గూళ్లు కళ్లెదుట కనిపిస్తుంటే, చెట్టెక్కలేని పక్షి పేరు ఎలా తగిలిస్తారు? పైగా ఆ సైబీరియా కొంగ మన దేశంలో శీతాకాలం గడిపిన చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్. 2002 తర్వాత అక్కడా కనబడలేదు. లేని పక్షికి మనం ఏటా స్వాగతం పలుకుతున్నాం.

ఇంకో సంగతి. చలికి తాళలేక దిగివచ్చే పక్షి ఇక్కడ గుడ్లు పెట్టదు. దాని పురుడూ పుణ్యమూ ఎండాకాలంలో ఉత్తరాదినే. తల మీద రెండు నల్ల పట్టీలున్న పెద్దబాతు మంగోలియా, టిబెట్ల నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. నాలుగు నెలలు మేస్తుంది, పోతుంది. ఫ్లెమింగోల, అదే మన రాజహంసల మాటా చెప్పేస్తాను. పులికాట్‌లో తల తలకిందులు చేసి బురదనీళ్లు వడపోసుకునే ఆ పక్షికి గుజరాత్‌లోని కచ్ రణ్‌లోనే పెద్ద పుట్టిల్లు ఉంది. వీసా అక్కర్లేదు.

నిజంగా సైబీరియా దాకా పోయివచ్చేవాటిని చూడాలంటే తలకోన వాగు దగ్గర నిలబడండి. పొట్ట పసుపు, వీపు బూడిదరంగు, క్షణం ఆగకుండా తోక ఆడించే జిట్టంగి రాళ్ల మీద గెంతుతుంటుంది. ఇరవై గ్రాములు తూగితే గొప్ప. వాటిలో కొన్ని హిమాలయాల్లో పిల్లల్ని చేస్తాయి, మరికొన్ని సైబీరియాలోనే. దానికి ఫ్లెక్సీ లేదు, పండగ లేదు. జలపాతం కింద సెల్ఫీ తీసుకునేవాడి చెప్పు కిందికి రాకుండా బతికితే చాలు.

ఇంత కోపం దేనికంటారా? అతిథి అంటే తన బుద్ధి పుట్టి వచ్చినవాడు. రాకపోతే మనదేం తప్పు? "ఈ ఏడు వలస తగ్గింది" అని ఒక వార్త రాసి చేతులు దులుపుకోవచ్చు. ఇంటి పక్షి అంటే లెక్క చెప్పాలి. ఈశాన్య రుతుపవనానికి చెరువు నిండితేనే, ఆ నీళ్లు పిల్లలు ఎగిరేదాకా నిలిస్తేనే గూడబాతు గూడు పెడుతుంది. నీళ్లు తెచ్చే కాలవను ఎవరు పూడ్చారు, చుట్టుపక్కల కుంటల్లో చేపలు ఏమయ్యాయి అని ఎవరైనా అడుగుతారు. సైబీరియా అంటే ఆ పీడే లేదు.

దూరపు పక్షి మీద ఇంత మోజున్నవాళ్లకు ఇంటి కొండ మీద పసుపు గొంతు పిగిలిపిట్ట ఉందని తెలుసా? ద్రావిడ దేశపు రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. 1840లలో, నెల్లూరులో వైద్యం చేస్తూ పిట్టల్ని పట్టించుకున్న జెర్డాన్ అనే దొర దాన్ని లోకానికి చెప్పాడు. శేషాచలంలో ఉంది, హార్స్‌లీ హిల్స్‌లో ఉంది. తలా గొంతూ పసుపు, ఒళ్లు బూడిదరంగు, బండల మధ్య పొదల్లో దూరిపోతుంది. మనిషిని చూస్తే బెదురు. అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. 2018లో రాష్ట్ర పక్షిని ఎంచుకునే అవకాశం వచ్చినప్పుడు మన పెద్దలు రామచిలుకను పట్టుకొచ్చారు. ఆఫ్రికాలో ఉంది, లండన్ పార్కుల్లో గుంపులు కట్టి అరుస్తోంది, అదే మన గుర్తట! చిలుక మీద నాకు పగేం లేదు, జామకాయలు కొట్టుకుపోతుందంతే.

ఏం చేయాలంటారా? మాటలు మానండి ముందు. బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి విదేశీ అతిథుల్ని చూపించడం ఆపి, తలా ఒక గూటిని అప్పగించి సీజనంతా చూసి రాయమనండి. మిగతాది వాళ్లే తేల్చుకుంటారు. నేలపట్టు దారిలో సైబీరియా అని రాసిన బోర్డు ఎక్కడున్నా చెరిపేయండి. రంగు ఖర్చు నేనిస్తా.